ఏడాదికొక ఉపన్యాసంతో లైంగిక హింస ఆగదు

ఎక్కడో ఘోరం జరుగుతుంది. పేపర్లు, టీవీలు దాని గురించే మాట్లాడతాయి. వారం తిరక్కుండా బడుల్లో, కాలేజీల్లో ఒక అవగాహన సదస్సు పెడతారు. ఆడపిల్లల్ని కూర్చోబెట్టి గంటసేపు జాగ్రత్తలు చెబుతారు, మగపిల్లల్ని ఆటలకి పంపేస్తారు. ఫొటోలు దిగి, హాజరు పట్టీ ఫైల్లో పెట్టుకుని, మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసెత్తరు. లైంగిక హింసను చదువుతో ఆపొచ్చా అని అడిగితే ఆపొచ్చనే అంటాను. కానీ ఈ పద్ధతిలో కాదు.

నేరానికి పాల్పడేవాళ్ళ ప్రవర్తన మార్చాలని చేసిన ప్రయత్నాల మీద వచ్చిన 140 మూల్యాంకనాల్ని పరిశోధకులు 2014లో ఒకచోట చేర్చి సమీక్షించారు. గట్టి పద్ధతిలో పరీక్షించినప్పుడు హింసాత్మక ప్రవర్తన నిజంగా తగ్గిందని తేలినవి అందులో మూడే. తక్కినవాటిలో ఎక్కువ భాగం చిన్నవి, చాలావరకు ఒక్క పూటతో ముగిసినవి. వాటితో సమాచారం అందింది, కొన్నాళ్ళు అభిప్రాయాలూ మారాయి. చేతలు మారలేదు.

దానికి కారణం ఉంది. తప్పు చేసేవాడికి అది తప్పని తెలియక చేయడం అరుదు. చేసినా ఏమీ కాదన్న ధీమా ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారని తెలుసు. ఎవరి కంటా పడని చోటు ఎక్కడుందో కూడా తెలుసు. ఉపన్యాసం ఈ మూడింటిలో దేన్నీ తాకదు.

న్యూయార్క్ నగరంలోని 30 మిడిల్ స్కూళ్ళలో జరిగిన ‘షిఫ్టింగ్ బౌండరీస్’ ప్రయోగం ఈ సంగతి బాగా చూపించింది. కొన్ని బడుల్లో ఆరు పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నిటిలో పాఠాలు చెప్పకుండా బడి ఏర్పాట్లు మార్చారు. కొన్నిటిలో రెండూ చేశారు. మిగిలిన బడుల్లో ఏమీ మార్చలేదు. పాఠాలు మాత్రమే విన్న బడుల్లో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ఏర్పాట్లు మార్చినచోట, రెండూ కలిపినచోట లైంగిక హింస తగ్గింది. ఏర్పాట్లంటే పెద్ద ఖర్చేమీ కాదు. గోడల మీద పోస్టర్లు, వేధించిన విద్యార్థి బాధితురాలికి దూరంగా మెలగాలని బడి లోపలే రాసిచ్చే తాత్కాలిక ఒప్పందం, పిల్లలు గీసిన పటం చూసి పెద్దల్ని కాపలా పెట్టడం.

ఆ పటం గీయించడం ఏ బడైనా చేయగల పని. బడి ప్లాన్‌ను కాగితం మీద ముద్రించి ప్రతి విద్యార్థికీ ఒకటి ఇవ్వండి. పేరు రాయనక్కర్లేదు. భయం లేని చోట ఆకుపచ్చ, జంకుగా ఉండే చోట పసుపు, వెళ్ళడానికే ఇష్టపడని చోట ఎరుపు రంగు వేయమనండి. కాగితాల్ని తరగతులవారీగా, ఆడపిల్లలవీ మగపిల్లలవీ వేరుగా పోగు చేసి ఒక పెద్ద పటంలోకి ఎక్కించండి. ఎరుపు సాధారణంగా మెట్ల మలుపుల్లో, మరుగుదొడ్ల దారిలో, బస్సు ఎక్కేచోట, భోజన విరామంలో ఖాళీగా ఉండే గదుల దగ్గర తేలుతుంది. ఆ వేళకి ఆ చోట ఒక పెద్ద మనిషి నిలబడాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ గీయించి పోల్చుకోవాలి. ఇది చెడేదీ ఇక్కడే. మనిషిని పెట్టడానికి బదులు సీసీ కెమెరా బిగించి చేతులు దులుపుకుంటారు. లేదా ‘మన బడికి ఎరుపు ఎవరు వేశారు?’ అని ప్రార్థన సమయంలో నిలదీస్తారు. అలా ఒక్కసారి అడిగితే చాలు, తర్వాతి పటం మొత్తం ఆకుపచ్చగా వస్తుంది.

ఇక పాఠం విషయానికొద్దాం. యునెస్కో 2018లో సవరించిన లైంగిక విద్య మార్గదర్శకాలు ఐదేళ్ళ వయసు నుంచే మొదలవుతాయి. 5–8, 9–12, 12–15, 15–18 పైబడి అని నాలుగు దశలు, ఎనిమిది ప్రధానాంశాలు. హింస, భద్రత అనేది ఆ ఎనిమిదిలో ఒకటి. ఐదేళ్ళవాళ్ళకి ఇవన్నీ ఎందుకని ఉలిక్కిపడేవాళ్ళు ఆ దశలో ఏముందో చదివితే సగం భయం పోతుంది. శరీర భాగాల పేర్లు, నా ఒంటి మీద నా హక్కు, ఇబ్బందైతే ఎవరికి చెప్పాలి, ఇలాంటివే ఉంటాయి. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడతారన్న భయానికి కూడా పరిశోధనల్లో ఆధారం దొరకలేదు.

చిన్నపిల్లలకి చెప్పే ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠంతో నాకో పేచీ ఉంది. అది తీర్పును పిల్ల అనుభూతికి వదిలేస్తుంది. వేధించే మనిషి చాలాసార్లు బిడ్డకు ఇష్టమైనవాడే అయి ఉంటాడు, ఆటలాగే మొదలుపెడతాడు. ఆ స్పర్శ నొప్పిగా ఉండకపోవచ్చు. అప్పుడు పిల్ల దాన్ని ‘బ్యాడ్’ అనుకోదు. పైగా డాక్టరు వేసే సూది నొప్పిగానే ఉంటుంది కదా! అనుభూతికి బదులు నియమం చెప్పడం మేలు. లోదుస్తులు కప్పే భాగాల్ని శుభ్రం చేయడానికో వైద్యానికో తప్ప ఎవరూ తాకకూడదు, చూడకూడదు, ఫొటో తీయకూడదు, తమవి తాకమని అడగకూడదు. వైద్యానికైనా ఇంట్లోవాళ్ళు పక్కన ఉండాలి. ఆ భాగాలకి ముద్దుపేర్లు కాకుండా అసలు పేర్లే నేర్పాలి. లేకపోతే పిల్ల చెప్పినా వినేవాళ్ళకి అర్థం కాదు.

‘కొత్తవాళ్ళతో మాట్లాడకు’ అన్న పాఠం అంతకన్నా తప్పుదారి. పిల్లల మీద లైంగిక దాడులు ఎక్కువగా తెలిసినవాళ్ళే చేస్తారు. కాబట్టి మనిషిని కాదు, పనిని గుర్తుపట్టడం నేర్పాలి. రహస్యానికీ సర్‌ప్రైజ్‌కీ తేడా చెప్పండి. పుట్టినరోజు కానుక సంగతి కొన్నాళ్ళకి అందరికీ తెలిసిపోతుంది. ఎప్పటికీ ఎవరికీ చెప్పొద్దన్న మాటను మాత్రం వెంటనే చెప్పేయాలి. పిల్ల నమ్మే పెద్దవాళ్ళు ఐదుగురి పేర్లు పిల్ల చేతే చెప్పించండి. అందులో కనీసం ఒకరు ఇంటి బయటివారై ఉండాలి. మొదటివారు నమ్మకపోతే రెండోవారికి, వాళ్ళూ పట్టించుకోకపోతే మూడోవారికి చెప్పాలన్నది తప్పక నేర్పాల్సిన సంగతి. దాన్నే చాలామంది వదిలేస్తారు.

అయితే ఈ పాఠాల మీద లేనిపోని ఆశ పెట్టుకోకూడదు. బడుల్లో జరిగే ఇలాంటి కార్యక్రమాల మీద 2015 నాటి కోక్రేన్ (వైద్య, ఆరోగ్య పరిశోధనల్ని జల్లెడపట్టి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 24 అధ్యయనాల్ని, 5,802 మంది పిల్లల్ని లెక్కలోకి తీసుకుంది. పిల్లల్లో అవగాహన, తమను కాపాడుకునే నేర్పు పెరిగాయి. భయం పెరిగినట్టు కనిపించలేదు. వేధింపు నిజంగా తగ్గిందా అన్నది మాత్రం తేలలేదు. ఏడేళ్ళ పిల్ల పెద్ద మనిషిని ఆపగలదనుకోవడమే అన్యాయం. అందుకే ఇదే విషయం తల్లిదండ్రులకీ, టీచర్లకీ వేరుగా చెప్పాలి. మాటువేసే మనిషి ముందు కుటుంబం నమ్మకం సంపాదిస్తాడు. తర్వాత కానుకలు, పిల్లతో ఒంటరిగా గడిపే సాకులు వస్తాయి. ఆటలో చేయి వేసి ఎవరేమంటారో చూస్తాడు. ఎవరూ ఏమీ అనకపోతే ముందుకెళ్తాడు, ఆపైన రహస్యం, బెదిరింపు. సంస్థ చేయగలిగినదల్లా ఈ మెట్లు ఎక్కనివ్వకపోవడం. ఒక్క విద్యార్థితో తలుపు మూసి కూర్చోకూడదు. తలుపుకి అద్దం ఉండాలి. విద్యార్థులకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఇంకో పెద్ద మనిషి ఉన్న గ్రూపులోనే పెట్టాలి. ఈ నియమాలు మంచి టీచర్‌ని అనుమానించడానికని కొందరు నొచ్చుకుంటారు. నిజానికి ఆ టీచర్‌ని లేనిపోని నిందల నుంచి కాపాడేవీ ఇవే.

పెద్ద తరగతుల్లో పద్ధతి మారాలి. చెప్పడం తగ్గించి చేయించాలి. సమ్మతి అంటే ఏమిటో నిర్వచనం రాయించి మార్కులు వేస్తే ఒరిగేదేమీ లేదు. అడగడం, ‘వద్దు’ అనడం, ‘వద్దు’ వినగానే ముఖం మాడ్చుకోకుండా వెనక్కి తగ్గడం, ఈ మూడూ గొంతెత్తి సాధన చేయాలి. నిద్రలో, మత్తులో, భయంలో ఉన్న మనిషి మౌనం సమ్మతి కాదు. నిన్న ఔనన్నది ఇవాళ్టికి చెల్లదు. సిగ్గుతో మొదటి పది నిమిషాలు నవ్వులాటగానే గడుస్తుంది. కోప్పడకుండా ఆ నవ్వుని గడవనివ్వాలి.

మగపిల్లల్ని నేరస్తుల బోనులో నిలబెట్టినట్టు మాట్లాడితే వాళ్ళు తలుపు మూసేసుకుంటారు. వాళ్ళలోనూ బాధితులుంటారన్నది మర్చిపోకూడదు. వాళ్ళని పక్కనున్న మనిషిగా, అంటే తప్పు జరుగుతుంటే చూసినవాడిగా పిలిస్తే వింటారు. అమెరికాలోని కెంటకీలో 26 హైస్కూళ్ళలో పరీక్షించిన ‘గ్రీన్ డాట్’ అనే కార్యక్రమం ఈ పద్ధతిదే. నేరుగా ఆపడం, దృష్టి మళ్ళించడం, చేయగలవాళ్ళకి అప్పజెప్పడం అని మూడు దారులు నేర్పుతారు. పదిమందిలో స్నేహితుడిని ఎదిరించే ధైర్యం అందరికీ ఉండదు కాబట్టి రెండో దారే ఎక్కువ అక్కరకొస్తుంది. ‘నిన్ను సార్ పిలుస్తున్నారు’ అని ఆ అమ్మాయిని అక్కణ్ణుంచి తప్పించినా చాలు. ఆ బడుల్లో లైంగిక హింస తగ్గింది, కానీ తగ్గుదల స్పష్టంగా కనిపించింది మూడో, నాలుగో ఏట. ఏడాదికే ఫలితం అడిగే యాజమాన్యాలు ఈ మాట గోడకి అంటించుకోవాలి. ఆటల కోచ్‌ల చేత చెప్పించడం మరో మంచి దారి. ‘కోచింగ్ బాయ్స్ ఇంటు మెన్’ అనే కార్యక్రమంలో కోచ్ తన జట్టుతో వారానికి పావుగంట చొప్పున ఒక సీజన్ అంతా మాట్లాడతాడు. టీచర్ మాట వినని కుర్రాడు కోచ్ మాట వింటాడు మరి.

కాలేజీ అమ్మాయిల కోసం కెనడాలో చేసిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. మూడేసి గంటల నాలుగు విడతలు, మొత్తం పన్నెండు గంటల శిక్షణ. తెలిసినవాడి నుంచి వచ్చే ముప్పును ముందే పసిగట్టడం, మర్యాద పోతుందేమోనన్న సంకోచాన్ని దాటడం, మాటతోనూ చేత్తోనూ ప్రతిఘటించడం, తన ఇష్టాయిష్టాలు తనకి స్పష్టంగా తెలిసి ఉండడం అందులో పాఠాలు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు కరపత్రాలు మాత్రమే అందుకున్న బృందంలో 9.8 శాతం, శిక్షణ పొందిన బృందంలో 5.2 శాతం. ఇంత పని చేసేదాన్ని వద్దనలేం. కానీ ఇదొక్కటే పెట్టి అబ్బాయిలతో పని మానేస్తే భారం మళ్ళీ అమ్మాయిల నెత్తినే పడుతుంది.

పాఠం బాగా చెబితే, చెప్పిన రోజునే ఎవరో ఒక పిల్ల టీచర్ దగ్గరికొచ్చి తనకి జరిగింది చెప్పొచ్చు. దానికి సిద్ధంగా లేకుండా పాఠం మొదలుపెట్టకూడదు. టీచర్ మొదట అనాల్సినవి మూడు మాటలు: నేను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేశావు. ‘ఎవరికీ చెప్పనని’ మాటివ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోలేం. ఎవరెవరికి చెప్పాల్సి వస్తుందో అప్పుడే చెప్పాలి. ‘అక్కడ ముట్టుకున్నాడా?’ లాంటి ప్రశ్నలు జవాబుని నోట్లో పెడతాయి, విచారణలో కేసునే బలహీనపరుస్తాయి. ‘తర్వాత ఏమైంది?’ అన్నది చాలు. పిల్ల వాడిన మాటల్ని అదే రోజు, తేదీ, సమయంతో ఉన్నవున్నట్టు రాయాలి. నిందితుడిని పిలిచి అడగడం, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం, ప్రిన్సిపల్ ముందు ఒకసారి, కమిటీ ముందు ఒకసారి కథంతా తిరిగి చెప్పించడం ఎక్కువగా జరిగే తప్పులు. చట్టం ప్రకారం తెలియజేయాల్సినవారికి ఆలస్యం లేకుండా తెలియజేయాలి. బడి పరువు లెక్క అందులోకి రాకూడదు.

తరగతిలో ప్రశ్నలు రావడం లేదంటే సందేహాలు లేవని కాదు. ఒక పెట్టె పెట్టండి. అందరికీ ఒకే రకం చీటీ ఇచ్చి, ప్రశ్న లేనివాళ్ళని కూడా ఏదో ఒక వాక్యం రాయమనండి, అప్పుడు ఎవరు రాశారో బయటపడదు. చీటీల్ని టీచర్ ముందే చదువుకుని మర్నాడు జవాబులివ్వాలి. పోర్న్ గురించి తప్పకుండా అడుగుతారు. అదంతా నటనని, అందులో అడగడం, ఒప్పుకోవడం దాదాపు కనిపించవని మామూలు గొంతుతోనే చెప్పాలి. టీచర్ తడబడితే పిల్లలు మళ్ళీ ఫోన్ దగ్గరికే వెళ్తారు.

ఆఖరుగా కొలత సంగతి. కార్యక్రమం మొదలయ్యాక ఫిర్యాదులు పెరగొచ్చు. చాలా యాజమాన్యాలు అక్కడే బెదిరిపోయి ఆపేస్తాయి. అది హింస పెరిగిందనడానికి రుజువు కాదు, అంతకుముందు దాగి ఉన్నది బయటికొస్తుండొచ్చు. ఫిర్యాదుల సంఖ్య బదులు పేరు రాయని సర్వే పెట్టండి. ‘కార్యక్రమం నచ్చిందా?’ అని అడగకండి. ‘గత మూడు నెలల్లో నీకు ఇష్టం లేకుండా ఎవరైనా తాకారా? నువ్వెవరినైనా అలా తాకావా? చూసినప్పుడు ఏం చేశావు? ఎవరికి చెప్పావు? చెప్పాక ఎన్ని రోజులకి స్పందించారు?’ అని అడగండి. మొదలుపెట్టే ముందొకసారి, తర్వాత ఏటా ఒకసారి ఇవే ప్రశ్నలు, ఒక్క మాట కూడా మార్చకుండా.