శనివారం నాడు సీనుగాడితో హైదరాబాద్

సీనుగాడు డాలస్ నుంచి దిగీ దిగగానే మా నలుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మొదటి మెసేజ్ "శనివారం ఒక్కరోజే ఖాళీ, పొద్దున్నుంచి రాత్రిదాకా తిందాం" అని. రెండు నిమిషాలాగి ఇంకోటి పెట్టాడు, "శనివారం నేను నాన్‌వెజ్ ముట్టనని గుర్తుందిగా" అని. వాళ్లింట్లో వెంకటేశ్వరస్వామికి మొక్కు, అమెరికా వెళ్లి పదేళ్లయినా తప్పలేదు. యునెస్కో వాళ్లు 2019లో హైదరాబాద్‌ని తిండికి పేరున్న నగరాల జాబితాలో చేర్చారు, కానీ వాళ్లు కచ్చితంగా శనివారం వచ్చి ఉండరు. బిర్యానీ లేకుండా, హలీం లేకుండా, పాయా లేకుండా ఈ ఊళ్లో రోజంతా ఏం తింటార్రా అని నేను విసుక్కుంటే స్వాతి మాత్రం మంచిదే అంది. బిర్యానీ తింటే మధ్యాహ్నం రెండింటికే రోజు అయిపోతుంది, ఆ తర్వాత ఎవడూ సోఫాలోంచి లేవడు, అదేదో లేకపోతే కనీసం ఏడెనిమిది చోట్లు తిరగొచ్చు అని దాని లెక్క. ఇప్పుడు ఆలోచిస్తే నిజమే అనిపిస్తోంది.

మేం పెట్టుకున్న రూల్ ఒకటే. ఎక్కడికెళ్లినా నలుగురికీ కలిపి ఒకటి, మహా అయితే రెండు. ఎవడికి వాడు ప్లేటు చెప్పుకుంటే రెండో చోటికే కడుపు నిండిపోతుంది. ఇది హాస్టల్ రోజుల్లో డబ్బుల్లేక నేర్చుకున్న విద్య. క్యాంపస్ బయట ఇరానీ హోటల్లో వన్ బై టూ చెప్పి గంట కూర్చునేవాళ్లం. చెప్పకుండానే ఉల్లిపాయ సమోసాల ప్లేటు తెచ్చి టేబుల్ మీద పెట్టేసేవాడు వెయిటర్, చివర్లో మిగిలినవి లెక్కపెట్టి తిన్నవాటికే డబ్బులు. సీనుగాడు రెండు తిని మూడోది జేబులో వేసుకుని దొరికిపోయిన కథ మా బ్యాచ్‌లో ఇప్పటికీ నడుస్తుంది. ఈ ఇరానీ హోటళ్లు ఎక్కువగా నాలుగు రోడ్ల మూలల్లోనే ఎందుకుంటాయంటే, వీధిపోటు ఉందని మనవాళ్లు వదిలేసిన మూల స్థలాలు ఇరాన్ నుంచి వచ్చినవాళ్లకి చవగ్గా దొరికాయని చెబుతుంటారు. ఎంతవరకు నిజమో గానీ మా సివిల్ ఇంజినీర్ స్వాతికి ఈ కథంటే చాలా ఇష్టం, ఏ మూల మీద హోటల్ కనబడినా వాస్తు చెప్పడం మొదలుపెడుతుంది.

సరే, తెల్లవారుజామున అయిదింటికి మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ. కరాచీ బేకరీ షట్టర్ ఇంకా వేసే ఉంది, దాని ఎదురుగా రోడ్డు మీద పెనాలు మాత్రం పొగలు కక్కుతున్నాయి. నైట్ షిఫ్ట్ దిగిన ఐటీ పిల్లలు, సినిమా చూసి ఇంటికి పోకుండా వచ్చినవాళ్లు, ట్రాక్ ప్యాంటు వేసుకుని వాకింగ్‌కని వచ్చి వెన్నదోశ తింటున్న ఒక పెద్దాయన. దోశ మీద వెన్న వేసి, అది కరిగేలోపే ఉప్మా వేసి, ఎర్రగా ఏదో కారం చల్లి, అట్లకాడతో పెనం మీదే అంతా మెదిపేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు దోశలో ఉప్మా ఏంట్రా అని నేను మూతి ముడిచాను. పెసరట్టులో ఉప్మా పెట్టుకు తినే గోదావరోడివి నీకెందుకురా ఈ పౌరుషం అని ఇమ్రాన్ అప్పుడే నోరు మూయించాడు. ఇప్పుడు ఆ దోశ కోసమే అలారం పెట్టుకుంటాను. రెండు దోశలు, నలుగురం, నిలబడి, అయిదు నిమిషాల్లో ఖతం.

అక్కడినుంచి చార్మినార్. ఆ టైమ్‌లో బండి మీద వెళితే అఫ్జల్‌గంజ్ దాటి పత్తర్‌గట్టీ మీదుగా పది నిమిషాలు కూడా పట్టదు, అదే సాయంత్రం అయితే దేవుడే దిక్కు. గాజుల దుకాణాలు తెరవకముందు, తోపుడు బళ్లు రాకముందు 1591 నాటి ఆ కట్టడాన్ని ఒక్కసారైనా చూడండి, పావురాలు తప్ప ఎవరూ ఉండరు. దాని పక్కనే నిమ్రా అనే చాయ్ హోటల్. నిలబడే తాగాలి. ఇరానీ చాయ్‌లో కిటుకంతా డికాక్షన్ ఒక గిన్నెలో మూతపెట్టి గంటలతరబడి సన్న సెగ మీద ఉంచడం, పాలు వేరే గిన్నెలో చిక్కగా మరగనివ్వడం, రెండూ కప్పులోనే కలవడం. మన ఇళ్లలోలాగా అన్నీ ఒకే గిన్నెలో పడేసి పొంగించేది కాదు. ఉస్మానియా బిస్కెట్ ముంచితే మూడు లెక్కపెట్టేలోపు తీసెయ్యాలి, నాలుగో అంకెకి విరిగి అడుక్కి పోతుంది. సీనుగాడికి ప్రాక్టీస్ తప్పింది, మొదటి బిస్కెట్ మునిగిపోయింది. ఆ బిస్కెట్‌కి చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు ఎలా వచ్చిందో ఇమ్రాన్ ఒక కథ చెప్పాడు, పక్కన టీ తాగుతున్నాయన అది కాదని ఇంకో కథ చెప్పాడు, ఇద్దరూ ఇంకో చాయ్ అయ్యేదాకా వాదించుకున్నారు.

తర్వాత హోటల్ లిస్టులో లేని చోటికి వెళ్లాం. ఇమ్రాన్ వాళ్లిల్లు మలక్‌పేట. "శనివారం గాడు వస్తున్నాడని అమ్మీకి చెప్పిన, బగారా అన్నం, ఖట్టీ దాల్ చేస్తుందంట, రాకపోతే నన్ను ఇంట్ల ఉండనియ్యదు" అన్నాడు. వెళ్లగానే మమ్మల్ని పడుకోమంది, ముఖాలు చూసి జాలేసినట్టుంది. పన్నెండున్నరకి లేపి అన్నం పెట్టింది. మిర్చీకా సాలన్ కూడా చేసింది, పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరిన గ్రేవీలో లావు మిరపకాయలు. మామూలుగా దాన్ని బిర్యానీ పక్కన ఓ చిన్న గిన్నెలో పెడతారు కదా, ఎవడూ సరిగ్గా పట్టించుకోడు, ఆ రోజు అదే హీరో.

కానీ నేను చెప్పాలనుకున్నది ఖుబానీ కా మీఠా గురించి. ఎన్ని పెళ్లిళ్లలో తిన్నానో లెక్కలేదు, హోటళ్లలో ఐస్‌క్రీమ్ వేసి ఇచ్చేది కూడా బోలెడుసార్లు తిన్నాను, ఎప్పుడూ అది జామ్‌లాగానే అనిపించేది నాకు. ఎండు ఆప్రికాట్లు ముందురోజు రాత్రే నానబెట్టి, పొద్దున గింజలు తీసి, ఆ నానిన నీళ్లలోనే ఉడికించి చక్కెర వేస్తారు, అంతవరకు అందరూ చేసేదే. ఆంటీ ఆ తీసేసిన గింజలు పారెయ్యదు. కడిగి ఆరబెట్టి, వంటింటి గడప దగ్గర కూర్చుని చిన్న రోకలితో ఒక్కోటీ పగలగొట్టి, లోపలి పప్పు తీసి పైన చల్లుతుంది. చూడ్డానికి చిన్న బాదం పప్పు, కొరికితే లేతగా చేదు. ఆ చేదు తగిలాకే ఆ పండు తీపి ఏంటో తెలిసింది. హోటళ్లలో ఆ పని ఎవరు చేస్తారు? అంతమందికి అన్ని గింజలు కొట్టాలంటే ఒక మనిషిని పెట్టాలి. మేం నలుగురం ఒకే ప్లేటు రూల్ అక్కడ తుడిచిపెట్టేశాం, నేను రెండుసార్లు వేయించుకున్నాను.

మధ్యాహ్నం నుంచి స్వాతి వంతు. అంతా పాత చోట్లే తిరిగితే ఎలా, ఊరు మారింది, మనమూ చూడాలి అని జూబ్లీహిల్స్‌లో ఒక కెఫేకి తీసుకెళ్లింది. పేరు చెప్పను. పాత బంగళాని మార్చి కట్టారు, చెట్లున్నాయి, పిల్లులున్నాయి, ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని తలెత్తని జనం ఉన్నారు. కోల్డ్ కాఫీ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. పైన నల్లగా మాడ్చిన బాస్క్ చీజ్‌కేక్ చెప్పాం, సీనుగాడు రెండు ముక్కలు మింగాక కేకులో గుడ్డు ఉంటుందేమో అని గుర్తొచ్చి ఆగాడు. "బేక్ అయిపోయాక ఇంకెక్కడి గుడ్డురా" అని ఇమ్రాన్ ధైర్యం చెప్పాడు గానీ మిగతాది మేమే తిన్నాం. నాకైతే అది అచ్చం జున్నులాగా అనిపించింది, మిరియాలు బెల్లం వెయ్యకుండా పొయ్యి మీద మర్చిపోయిన జున్ను. బాగుంది, కాదనను. మా ఊళ్లో ఆవు ఈనితే పక్కింటివాళ్లు గిన్నెతో తెచ్చిచ్చేదానికి ఇక్కడ అయిదొందలు.

అసలు తలనొప్పి బిల్లు దగ్గర. మేం తిన్నది 2,140. దానికి సర్వీస్ చార్జ్ పది శాతం 214, ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ, కలిపి 2,471 రూపాయల 70 పైసలు. సర్వీస్ చార్జ్ బిల్లులో వాళ్లంతట వాళ్లే వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, హోటళ్లవాళ్లు కోర్టుకెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే సమర్థించింది. ఇదంతా స్వాతి నోటికి ఉంది. మర్యాదగానే చెప్పింది, మేనేజర్ లోపలికెళ్లి పది నిమిషాలకి 2,247 బిల్లు తెచ్చాడు, ఎవరూ గొడవ పడలేదు. మీరూ బిల్లు ఒకసారి చదవండి, అంతే. ఆ మిగిలిన డబ్బులు సగానికి పైగా స్వాతి మాకు కాఫీ తెచ్చిన కుర్రాడి చేతిలో పెట్టింది.

నేను మాత్రం ఆ రోజంతా ఎదురుచూసింది బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఉన్న "మనం చాక్లెట్" అనే షాపు కోసం. 2023లో మొదలైంది, 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో పెట్టింది. అద్దాల వెనక చాక్లెట్ తయారవుతుంటే చూడొచ్చు. జనమంతా అది చూస్తూ వీడియోలు తీసుకుంటున్నారు, నేను మాత్రం ప్యాకెట్ మీద వెస్ట్ గోదావరి అనే మాట చూస్తూ నిలబడిపోయాను. వాళ్ల కోకో మా వైపుది. గింజలు పులియబెట్టేది తడికలపూడిలో, అది మా ఊరికి స్కూటర్ మీద వెళ్లొచ్చేంత దూరం, ఇప్పుడు ఏలూరు జిల్లా కింద ఉంది.

మా నాన్నకి మూడెకరాల కొబ్బరి తోట, దాని నీడలో కోకో. దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులో ముఖ్యంగా మా గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో. కాయలు కొమ్మల చివర కాకుండా మాను మీదే అతుక్కుని కాస్తాయి, కొత్తగా చూసినవాళ్లు ఎవరో జిగురు పెట్టి అంటించారనుకుంటారు. చిన్నప్పుడు కాయని రాయికేసి కొట్టి లోపల గింజల చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు చప్పరించేవాళ్లం, పుల్లపుల్లగా తియ్యగా ఉంటుంది, సీతాఫలానికి దూరపు చుట్టంలాగా. గింజలు మాత్రం ఉమ్మితే నాన్న తిట్టేవాడు, అవే కదా డబ్బులు. గుజ్జుతో సహా గింజల్ని అరటాకులు కప్పి నాలుగైదు రోజులు మాగబెట్టేవాళ్లు, ఇల్లంతా పులిసిన కల్లు వాసన. ఆ వాసనకీ చాక్లెట్‌కీ సంబంధం ఉందని నాకు ఇంజినీరింగ్‌కి వచ్చేదాకా తెలియదు. మా ఊళ్లో చాలామంది రైతులకి ఇప్పటికీ తెలియదు, వాళ్లకి అది బస్తా, తూకం, రేటు. 2024లో కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దరిదాపులకు వెళితే ఊళ్లో కొత్త బుల్లెట్ బండ్లొచ్చాయి. మరుసటేడు సగానికి పడేసరికి అందరూ రోడ్డెక్కారు.

ఇదంతా నేను అక్కడ నిలబడి చెబుతుంటే ముగ్గురూ ఫోన్లు పక్కనపెట్టి విన్నారు, సీనుగాడైతే "పదేళ్లు ఒకే రూములో ఉన్నాం, మీకు చాక్లెట్ చెట్లున్నాయని ఎప్పుడూ చెప్పలేదేంట్రా" అన్నాడు. పదేళ్లేం కాదు, నాలుగే. ఏం చెప్పాలి, కొబ్బరి తోట ఉందని చెప్పేవాణ్ని, కోకో అంటే ఎవరికీ తెలిసేది కాదు. మేం ఒక డ్రింకింగ్ చాక్లెట్ చెప్పి నలుగురం పంచుకున్నాం. చివర్లో నాలుక మీద ఆ పులుపు సన్నగా తగిలింది. అది నిజంగానే ఉందో, నేను వెతుక్కున్నానో తెలియదు. డెబ్బై శాతం బార్ ఒకటి ఇంటికి కొన్నాను.

రాత్రి పదింటికి మళ్లీ మొదలుపెట్టిన చోటికే, మొజంజాహీ మార్కెట్. నిజాం రెండో కొడుకు పేరు మీద 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌ని ఈమధ్య బాగుచేశారు, లైట్లలో గడియారం గోపురం బాగుంది. ఆరుబయట కుర్చీల్లో కూర్చుని ఫేమస్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్. వాళ్లది 1951 నుంచి ఉన్న షాపు. దసరా వెళ్లిన సీజన్ కదా, మహబూబ్‌నగర్ వైపు నుంచి పళ్లు ఊరంతా దిగుతున్నాయి. గుజ్జు తునకలు తునకలుగా తగులుతుంది, మీద పొడులూ సిరప్‌లూ ఏమీ ఉండవు. సీనుగాడు ఇక్కడ మాత్రం ఎవరికి వారే కప్పు చెప్పుకోవాలని పట్టుబట్టాడు. పన్నెండు దాటింది, ఆదివారం వచ్చేసింది, ఇప్పుడు బిర్యానీ దొరుకుతుందా అని వాడు అడుగుతుంటే ఇమ్రాన్ బండి తాళం తీసి వాడి చేతికి ఇవ్వకుండా జేబులో పెట్టుకున్నాడు.

చాక్లెట్ బార్ కొరియర్‌లో ఊరికి పంపాను. మూడు రోజులకి నాన్న ఫోన్. అట్ట మీద మన జిల్లా పేరుందిరా అని రెండుసార్లు అన్నాడు, తర్వాత ఎంతకి అమ్ముతున్నారు అన్నాడు, నేను మాట మార్చాను. రుచి ఎలా ఉందని అడిగితే, "చేదురా, కాల్చిన కొబ్బరి చిప్ప నమిలినట్టుంది, అమ్మ దాన్ని పాలల్లో వేసి మూడు చెంచాల పంచదార కలిపిచ్చింది, అప్పుడు బాగుంది" అన్నాడు.