ఊళ్ళో వెన్న, హైవేలో బిగుసు

మా పెదనాన్న అంబాసిడర్ తోలి తోలి భుజాలు అరగదీసుకున్న మనిషి. మొన్న ఒంగోలు పోతూ నా కారు ఆయన చేతికిచ్చా. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆటోల మధ్య ఒక్క చేత్తో తిప్పుతూ "వెన్నరా ఇది" అన్నాయన, కావలి దాటి బండి వంద అందుకునేసరికి "ఏంది అబ్బయ్యా, స్టీరింగు బిగుసుకుపోతా ఉండాదే, షెడ్డులో చూపించావా?" అన్నాడు.

చెడిపోలేదు, నా కారుది కరెంటు పవర్ స్టీరింగ్, కావాలనే అట్లా పెట్టారు. స్టీరింగ్ రాడ్డు మధ్యలో సన్నటి ఉక్కు కడ్డీ ఒకటుంటుంది. మనం తిప్పినప్పుడు చక్రాలు మొరాయిస్తే ఆ కడ్డీ కొద్దిగా మెలితిరుగుతుంది, ఎంత తిరిగిందో సెన్సర్ కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది, అప్పుడు కరెంటు మోటారు చెయ్యి కలుపుతుంది. ఎంత కలపాలన్నది మాత్రం బండి వేగాన్ని బట్టి. ఆ లెక్క చక్రాల దగ్గరుండే ఏబీఎస్ (బ్రేకేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ల నుంచి వస్తుంది.

నిలబడిన బండిలో టైరు రోడ్డును రుద్దుకుంటూ తిరగాలి, అందుకే పార్కింగ్‌లో మోటారు గట్టిగా పనిచేస్తుంది. వందలో టైరు దొర్లుతూ ఉంటుంది కాబట్టి పక్కకు తిరగడానికి పెద్ద బలం అక్కర్లేదు. అక్కడా అదే సాయం చేస్తే తుమ్మినా బండి పక్క లేనులోకి పోతుంది! నూనె ఒత్తిడితో పనిచేసే పాత హైడ్రాలిక్ రకంలో పంపు ఇంజన్ బెల్టుతో ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. ఈ మోటారు తిప్పినప్పుడే కరెంటు తాగుతుంది, డీజిలో పెట్రోలో కాస్త మిగులుతుంది. ఇట్లాంటి కరెంటు స్టీరింగ్ 1988లోనే జపాన్‌లో సుజుకి చిన్న కారు సెర్వోకి పెట్టారు.

ఈ మోటారు కరెంటు తాగేటప్పుడు మాత్రం బాగానే తాగుతుంది. పోయినేడు ఒకరోజు మీటర్లో స్టీరింగ్ గుర్తు పసుపురంగులో వెలిగి బండి రాయిలా అయిపోయింది. మెకానిక్ మొత్తం సెట్టే మార్చాలన్నాడు, నాకు టెన్షన్. ఇంకోచోట చూపిస్తే బ్యాటరీ ముసలిదైపోయిందన్నారు, కొత్తది వేయగానే గుర్తు పోయింది. మోటారు ఆగినా చక్రాలతో లింకు తెగదు, బలం పెడితే బండి తిరుగుతుంది. కాకపోతే చేతులు పడిపోతాయి.

ఇదంతా చెప్పినా పెదనాన్న నమ్మలేదు. ఒంగోలులో ఆగాక, మోటారు సాయం లేకుండా చూడమని ఇంజన్ ఆపించి, తాళం మాత్రం తియ్యొద్దని (తీస్తే లాక్ పడుద్ది) స్టీరింగ్ తిప్పమన్నా. రెండు చేతులా లాగి, పళ్ళు బిగించి, నవ్వాడు.

"ఇదిరా మా అంబాసిడరు!"