తాగుబోతు అనే తెలుగు మాట

మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మా బాపు మంథని దిక్కు నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను కూడా గనిలోనే పంపు మీద చేస్తాను. ఇంట్లో తెలుగు, గనిలో హిందీ, బజారులో మరాఠీ.

2015 ఏప్రిల్ 1న మా చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం వచ్చినప్పుడు మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. పక్కన గడ్చిరోలిలో 1993 నుంచీ ఉంది కదా, అక్కడ ఎవడు మానేశాడని నేను నవ్వాను. పాసింజర్ ఎక్కితే మానిక్‌గఢ్, విరూర్, మకుడి, ఆ తర్వాత వచ్చే సిర్పూర్ టౌన్ తెలంగాణదే. కాగజ్‌నగర్‌లో దిగి తాగి, రెండు క్వార్టర్లు టిఫిన్ డబ్బాలో అన్నం కింద దాచుకుని తిరుగు బండికి వచ్చేవాణ్ని. చుట్టాల చావులకు కూడా అంత తప్పకుండా తెలంగాణకు పోలేదు నేను. 2021లో నిషేధం ఎత్తేశారు, రైలు ఖర్చు మిగిలింది. ఆ మిగిలింది కూడా తాగాను.

2022 వానాకాలంలో కళ్లు పచ్చబడ్డాయి. ఇంకా తాగితే లివర్ చేతికి రాదన్నాడు డాక్టర్. భయపడి, ఎవరికీ చెప్పకుండా ఆ రాత్రే మానేశాను. అదే నేను చేసిన తప్పు. తెల్లారేసరికి చేతులు వణుకు, రెండో రాత్రి ఫిట్స్. నాలుక కొరుక్కుని రక్తం కారుతుంటే ఆటోలో వేసుకుపోయారు. మూడో రోజు వార్డులోకి నీళ్లు వస్తున్నాయి, మోటర్ ఆన్ చెయ్యండిరా అని అరిచానట. మంచం కింద స్విచ్ కోసం వెతికానట. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని, డాక్టర్ దగ్గరుండి మందులిస్తూ ఆపించాలని అప్పుడు తెలిసింది. బి1 ఇంజెక్షన్లు, నిద్రమందులు. పది రోజులకు ఇంటికి పంపారు.

ఆసుపత్రి మందుల షాపు గోడకు అంటించిన చిన్న కాగితం మా ఆవిడ కంటబడింది. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం, కింద ఫోన్ నంబరు. ఆమె చేస్తే అవతలి మనిషి, "తాగేది మీరా, ఆయనా? ఆయన్నే చెయ్యమనండి" అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. నాకు నాలుగు రోజులు పట్టింది.

చంద్రపూర్‌లో ఒక స్కూలు గది, సాయంత్రం ఏడు గంటలకు. చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్లు పట్టవు. తలుపు పక్కనే కూర్చున్నాను, చెప్పులు కనబడేలా. గోడ మీద ఇద్దరు తెల్లవాళ్ల ఫొటోలు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో దీన్ని మొదలుపెట్టింది వాళ్లేనట, ఒకాయన షేర్ల బ్రోకరు, ఇంకొకాయన ఆపరేషన్లు చేసే డాక్టరు. ఇద్దరూ తాగుబోతులే. డాక్టరు కూడానా అనుకున్నాను, కొంచెం హాయిగా అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఎవరూ నీతులు చెప్పలేదు. ఒక్కొక్కరు పేరు చెప్పి, తమ కథ తాము చెప్పుకుని కూర్చున్నారు. జీవితాంతం మానెయ్యమని ఎవరూ అడగలేదు, ఈ ఒక్క రోజు తాగొద్దు, అంతే. నా వంతు వచ్చింది. "మీ మద్యపీ ఆహే" అన్నాను, నేను మద్యానికి బానిసను అని. మరాఠీలో ఆ మాట ఎవరి గురించో చెప్పినట్టు సులువుగా వచ్చేసింది. డబ్బా తిరిగినప్పుడు గొప్పకు వంద నోటు తీశాను. మొదటిసారి వచ్చినవాళ్లు వెయ్యక్కర్లేదన్నారు. చాయ్ ఖర్చు, గది ఖర్చు సభ్యులవే, బయటివాళ్ల దగ్గర పైసా తీసుకోరట.

బయట చాయ్ దగ్గర ఒక కాకా, నా యాస పట్టేశాడేమో, "ఏ ఊరు తమ్మీ మీది?" అన్నాడు. చెప్పాను. "అయితే గిప్పుడు తెలుగుల చెప్పు, నువ్వెవ్వరు?"

తెలుగులో ఆ మాట నాకు బాగా తెలుసు. మా అమ్మ బాపును తిట్టిన మాట అది. వాకిట్లో, పొయ్యి దగ్గర, చివరికి శవం మీద పడి ఏడుస్తూ కూడా అదే అంది. నోరు తెరిచాను, రాలేదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సాసర్‌లోకి ఒలికింది. "మల్ల చెప్తువుగానీ, ఆదివారం రా" అన్నాడు.

ముప్పై ఎనిమిదో రోజు దసరా. మామగారింట్లో, ముక్క ఉన్నచోట చుక్క లేకుంటే ఎట్లా బావా అని బామ్మర్ది గ్లాసు పెట్టాడు. రెండు రోజులు తాగాను.

ఆ ఆదివారం వెళ్లడానికి సిగ్గేసింది. స్కూలు గేటు ముందు నుంచి రెండుసార్లు దాటిపోయాను. మూడోసారి కాకా చూసి చెయ్యి ఊపాడు. ఎందుకు తాగావని ఎవరూ అడగలేదు, లెక్క మాత్రం మళ్లీ ఒకటి నుంచి. నా వంతు వచ్చినప్పుడు తెలుగులో అన్నాను, "నేను తాగుబోతును." గదిలో కాకాకు తప్ప ఎవరికీ తెలుగు రాదు. అయినా అందరూ తలూపారు.

ఇప్పుడు రెండేళ్లు దాటింది. మీటింగ్ నుంచి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ తలుపు తీసి, చొక్కా మీద ఏదో అంటుకుందని దగ్గరికి వచ్చి దులుపుతుంది. ఏమీ అంటుకుని ఉండదు. వాసన చూస్తోందని నాకు తెలుసు. దులపడం అయ్యేదాకా కదలకుండా నిలబడతాను.