పొగడ్తల సభలో ఒక హెచ్చరిక

ఈమధ్య ఆర్థికవేత్తల వ్యాసాలు వరసబెట్టి చదువుతున్నా. స్టిగ్లిట్జ్ చదివితే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) మీద కోపం మనకీ అంటుకుంటుంది. నన్ను బాగా పట్టేసింది మాత్రం రఘురామ్ రాజన్ 2005లో అమెరికాలోని జాక్సన్ హోల్‌లో, కేంద్ర బ్యాంకుల పెద్దల సదస్సులో చదివిన పేపర్. లాభమొస్తే ఫండ్ మేనేజర్లకు భారీ బోనసులు, నష్టమొస్తే వాళ్ల జేబుకి పెద్దగా చిల్లు పడదు. అందుకే పైకి కనబడని రిస్కులు నెత్తికెత్తుకుంటారని అందులో వివరించారు. అదీ అప్పటి అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి గ్రీన్‌స్పాన్‌ని అందరూ ఆకాశానికెత్తేస్తున్న సభలో! ఎంత గుండె ధైర్యం కావాలి? అమెరికా మాజీ ఆర్థిక మంత్రి లారీ సమ్మర్స్ ఆ మాటల్ని అక్కడికక్కడే కొట్టిపారేశారు. చివరికి రాజన్ భయమే నిజమైంది: 2008లో అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది.

అలాగని అందరి జోస్యాలూ నిజమైపోవు. అందుకే నేను జోస్యం కన్నా దాని వెనక చెప్పిన కారణమే ముందు చూస్తున్నా. ఆర్థిక వ్యవస్థ మీద ఇంటర్నెట్ ప్రభావం ఫ్యాక్స్ మెషీన్‌ని మించదని 1998లో రాసింది పేరున్న ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మనే. పదేళ్లకు ఆయనకి నోబెల్ వచ్చింది లెండి, వేరే పనికి!