బావకు బావ ఏమవుతాడు?

మన సోషియాలజీ తరగతిలో బంధుత్వం పాఠానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. అన్నో తమ్ముడో అవుతాడని చదువురాని అమ్మమ్మ కూడా క్షణంలో చెబుతుంది. ఎందుకని అడిగితే మాత్రం ఎం.ఏ. చదివినవాళ్లం కూడా కాగితం, పెన్సిలు తీయాల్సిందే. ఆ పాఠాన్ని ఈ సంచికలో మళ్లీ ఒకసారి నెమరేసుకుందాం.

సూత్రం చిన్నది. తోడబుట్టిన ఇద్దరూ ఆడవాళ్లో, ఇద్దరూ మగవాళ్లో అయితే వాళ్ల పిల్లలు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ఆ పిల్లలు బావామరదళ్ల వరస. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ మాటల్లో నాన్న, అమ్మ ఉన్నారు. మామ, అత్త మాటల్లో లేరు. భార్య తల్లిదండ్రులనూ అత్తామామలనే అంటాం, మేనరికంలో వాళ్లు నిజంగానే మేనత్తో మేనమామో అవుతారు కాబట్టి. మేనరికాలు మానేసిన ఇళ్లలోనూ ఆ అమరికను భాష వదల్లేదు. ఇక లెక్క చూడండి: మేనమామ భార్య అత్త. అత్త తోడబుట్టినవాడు నాన్న వరస. ఆయన కొడుకు అన్న. మేనమామ కొడుకైన బావకు అతనే బావ.

1871లో అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తమిళ, కన్నడ వరసలతో పాటు మన తెలుగు వరసలూ ఉన్నాయి. అమెరికాలోని సెనెకా అనే ఆదివాసుల వరసలతో అవి కలవడం చూసి, అక్కడి ఆదివాసులు ఆసియా నుంచి వెళ్లారనడానికి అదే రుజువు అనుకున్నాడాయన. వెళ్లిన మాట నిజమే, ఆ రుజువే నిలవలేదు. ఎక్కడో దూరాన ఉన్న రెండు జనాలు కూడా విడివిడిగా ఒకే రకం వరసలు ఏర్పరచుకోగలవు.

ఇంటి వంశవృక్షం గీయాలనుకునేవాళ్లు ఆంగ్ల మానవశాస్త్రవేత్త డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ (Rivers) పద్ధతిని పట్టుకోవాలి. 1910లో ఆయన వివరించిన ఆ పద్ధతిలో ప్రశ్నలకు ఐదే మాటలు: తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య. ముందు మనుషుల పేర్లన్నీ రాసుకోవాలి. ఆ తర్వాతే ఒక్కొక్కరినీ చూపించి 'ఈయన్ని మీరేమని పిలుస్తారు?' అని అడగాలి. ఈ క్రమం తిరగబడితే పటమంతా చెడుతుంది. 'మీకు అన్నదమ్ములెంతమంది?' అని మొదలుపెడితే తెలుగువాళ్లు పెదనాన్న కొడుకులనూ పిన్ని కొడుకులనూ కలిపే చెబుతారు. ముగ్గురున్న చోట పదకొండుమంది తేలతారు. అందుకే 'మిమ్మల్ని కన్న తల్లి కడుపున ఎవరెవరు పుట్టారు?' అని అడగాలి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి జంట గీతలు, పోయినవాళ్ల గుర్తు మీద అడ్డగీత. ఎక్కువగా జారిపోయేవి మూడు: పసితనంలో పోయిన బిడ్డలు, మొదటి పెళ్లి, పెళ్లై వెళ్లిపోయిన ఆడపడుచుల సంతానం. పాతతరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు, పక్కనున్న మనిషిని అడగాలి.

అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఇంకో చిక్కు. పుట్టిన బిడ్డకు అమ్మమ్మే మేనత్త కూడా. పటంలో ఆమెను రెండుచోట్ల గీయకుండా ఒక్క వృత్తానికే రెండు దారులూ కలపాలి, లేకపోతే తలల లెక్క తప్పుతుంది. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలి పెళ్లినీ, అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లినీ నిషిద్ధ బంధుత్వాల్లోనే చేర్చింది. ఇరుపక్షాల ఆచారమూ ఒప్పుకుంటే మాత్రం చెల్లుతాయని మినహాయింపు ఇచ్చింది. జన్యువుల లెక్క వేరు: మేనబావ, మరదళ్ల మధ్య ఎనిమిదో వంతు, మేనమామ, మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు ఉమ్మడి. ఆచారం ఒప్పుకున్నదాన్ని వైద్యులు వద్దనడం అందుకే.

పట్నంలోనూ విదేశాల్లోనూ బాబాయీ మామయ్యా ఇద్దరూ 'అంకుల్' అయిపోయారు. మాట పోవడం నాకు బాధగానే ఉంది. అంతకన్నా పెద్ద మార్పు ఒక్క బిడ్డతో ఆగిన ఇళ్లలో వస్తోంది. తల్లీతండ్రీ ఇద్దరూ ఒంటికాయలైతే బిడ్డకు మేనమామ లేడు, మేనత్తా లేదు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసినవాడు మేనమామ. అతను లేని ఇంట్లో అమ్మ పిన్ని కొడుకు వచ్చి గంప పడతాడు. అమ్మకు అతను తమ్ముడే కాబట్టి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.