గన్ను దగ్గర ఎన్ని యూనిట్లు వచ్చాయి?

రావులపాలెం మీదుగా సాగే పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన గానీ, అమలాపురం, నరసాపురం దారిలో 216 మీద గానీ కరెంటుతో నడిచే బండ్లకు చార్జింగ్ స్టేషన్ పెట్టాలనుకునేవారు స్థలం గురించి, ట్రాన్స్‌ఫార్మర్ గురించి, చార్జర్ ధర గురించి చాలా వివరంగా అడుగుతారు. బండివారికి వేసే బిల్లు ఏ మీటరు రీడింగు మీద తేలుతుందని అడిగేవారు మాత్రం అరుదు. ఈ ప్రాంతంలో కొన్ని స్టేషన్ల నిర్వహణ చూసేవాడిగా ఆ ఒక్క సంగతే ఇక్కడ రాస్తున్నాను.

బండికి చార్జింగ్ పెట్టడం విద్యుత్తు అమ్మకం కాదని, అది ఒక సేవ అని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అందువల్లనే దీనికి 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కరలేదు. ఈ మాట పట్టుకుని, అమ్మకమే కానప్పుడు తూనికలు కొలతల వారితో మనకేం పని అని వాదించేవారున్నారు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, అంటే తూనికలు కొలతల చట్టం, తెరిచి చూస్తే ఆ ధీమా నిలవదు. ఆ చట్టం దృష్టిలో లావాదేవీ అంటే క్రయవిక్రయాలు మాత్రమే కాదు, చేసిన సేవకు లెక్క కట్టడం కూడా లావాదేవీయే; లావాదేవీలో వాడే కొలత సాధనాన్ని వాడకంలోకి తేకముందే తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలని 24వ సెక్షన్ చెబుతుంది. ధాన్యం కాటాకు ముద్ర ఉందో లేదో వంగి చూసే రైతే, తన కారుకు చార్జింగ్ పెట్టినప్పుడు తెర మీది అంకెను మారుమాట లేకుండా ఒప్పుకుంటున్నాడు.

స్టేషన్‌లో మీటర్లు కనీసం రెండుంటాయి. ఒకటి విద్యుత్ పంపిణీ సంస్థ బిగించినది. అది సంస్థకు మనం కట్టవలసిన బిల్లు కోసం. రెండోది చార్జర్ లోపల ఉండేది. బండివారి బిల్లుకు అదే ఆధారం. చిక్కంతా ఈ రెండో మీటరు చార్జర్‌లో ఏ చోట కూర్చుందన్న దాంట్లో ఉంది. డీసీ ఫాస్ట్ చార్జర్ లైనులో వచ్చే ఏసీ కరెంటును తీసుకుని, దాన్ని బ్యాటరీకి కావలసిన డీసీ కరెంటుగా మార్చి పంపుతుంది. మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. వందకు తొంభై నాలుగు పాళ్లు బయటికి వస్తాయనుకుంటే, గన్ను (కేబుల్ చివర బండికి తగిలించే ప్లగ్గు) ద్వారా ఇరవై యూనిట్లు పంపడానికి లైను నుంచి సుమారు ఇరవై ఒకటింపావు లాగాలి. మీటరు లోపలికి వచ్చే వైపున ఉంటే ఆ ఒకటింపావు యూనిట్ కూడా బండివారి ఖాతాలోకే చేరుతుంది. యూనిట్ ధర ఇరవై రూపాయలైతే ఒక్క చార్జింగ్‌కు పాతిక రూపాయలు. మన యంత్రం వేడెక్కినందుకు బండివారు డబ్బు కట్టడం న్యాయం కాదు. ఆ నష్టాన్ని యూనిట్ ధరలో కలుపుకోవచ్చు, కొలతలో కలపకూడదు.

ఏసీ చార్జర్ల విషయంలో ఇది తిరగబడుతుంది. అక్కడ ఏసీని డీసీగా మార్చే పెట్టె బండిలోనే ఉంటుంది కాబట్టి నష్టం కొలత జరిగిన తరువాతే జరుగుతుంది. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక ట్యాక్సీ డ్రైవరు, "ఏవండీ, బండిలో పద్దెనిమిదే ఎక్కినట్టు చూపిస్తోంది, మీరు ఇరవై వేశారేంటండీ?" అని నిలదీశారు. ఆయన అడిగిన తీరులో తప్పేమీ లేదు. మన చార్జర్ ఇరవై ఇచ్చింది, బండిలోని పెట్టె రెండు తినేసింది, పైగా డ్యాష్‌బోర్డు అంకె కేవలం అంచనా. అయితే ఈ మాట నమ్మదగినదిగా చెప్పాలంటే మన మీటరుకు పరీక్ష జరిగినట్టు కాగితం చేతిలో ఉండాలి. అది లేకపోతే ఇద్దరిదీ నోటి మాటే.

కేబుల్‌ది మరో లెక్క. తీగలో నష్టం కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. నూరు ఆంపియర్ల దగ్గర యాభై వాట్లు పోయే కేబుల్‌లో రెండు వందల ఆంపియర్ల దగ్గర రెండు వందల వాట్లు పోతాయి. మొత్తం మీద ఇది చిన్నదే గానీ, ఎవరి వాటాలోకి వెళ్లాలన్న ప్రశ్న చిన్నది కాదు. జర్మనీలో బండికి చేరిన విద్యుత్తే లెక్కలోకి రావాలంటారు. రీడింగుకు డిజిటల్ సంతకం ఉంటుంది, దాన్ని వాడకందారు తరువాత తానే సరిచూసుకోవచ్చు. కాలిఫోర్నియాలో 2021 నుంచి కొత్తగా పెట్టే ఏసీ చార్జర్లకు, 2023 నుంచి డీసీ చార్జర్లకు కొలత నిబంధనలు వర్తిస్తున్నాయి.

పరీక్ష చేయించేటప్పుడు పూర్తి లోడు దగ్గర ఒక్కసారి చూసి సరిపెట్టే అలవాటు నాకు నచ్చదు. బ్యాటరీ ఎనభై శాతం దాటాక కరెంటు బాగా తగ్గిపోతుంది. మీటర్లు తడబడేది సాధారణంగా ఆ తక్కువ కరెంటు దగ్గరే. ఏసీ మీటర్లను పరీక్షించే మామూలు రిఫరెన్స్ మీటరు డీసీ వైపు పనికిరాదు, దానికి వేరే పరికరం కావాలి. మన వైపు ఉప్పుగాలికి గన్ను పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టినచోట అతుకు వేడెక్కుతుంది, ఆ వేడి కూడా మీటరు దాటిన తరువాతి నష్టమే. వానాకాలంలో నేను మీటరు సీలు తీగతో పాటు పిన్నులను కూడా చూడమంటాను.

నెట్‌వర్కు పోయినప్పుడు వచ్చే తగాదాలు మరో రకం. చార్జింగ్ మొదలైనప్పటి రీడింగు, ముగిసినప్పటి రీడింగు వాట్-అవర్లలో (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్) చార్జర్‌లోనే నిలిచి ఉండాలి, సిగ్నల్ వచ్చాక సర్వరుకు చేరాలి. యాప్ మధ్యలో వేసిన అంచనాతో బిల్లు వేయకూడదు. రశీదులో ఆ రెండు రీడింగులు, యూనిట్ ధర, జీఎస్టీ విడివిడిగా కనబడాలి. చార్జింగ్ అయిపోయాక బండి తీయనందుకు నిమిషాల చొప్పున వేసే రుసుమును యూనిట్లలో కలపకుండా వేరే వరుసలో చూపాలి.

చార్జర్ కొనేటప్పుడు అమ్మేవారిని నేను మొదట అడిగేది బిల్లింగ్ మీటరు డీసీ వైపు ఉందా, దాని ఖచ్చితత్వ తరగతి (రీడింగులో ఎంత తేడా వరకు రావచ్చో చెప్పే అంకె) ఎంత, చార్జర్ విప్పకుండా సీలు వేయడానికి వీలుందా అని. మొదటి ప్రశ్నకే "సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుందండీ" అన్నవారి కొటేషన్ పక్కన పెట్టేస్తాను.