కట్ట విప్పే ముందు

రికార్డుల నిర్వహణ అంటే చక్కగా సర్దడమని చాలామంది అనుకుంటారు. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన మొదట చెప్పింది, సర్దవద్దని. పాత ఫైళ్ల పెట్టె ముందు కూర్చోబెట్టి, దేన్నీ కదపకుండా ఉన్నది ఉన్నట్టు రాసుకోమన్నారు: దేని పక్కన ఏది ఉంది, అట్ట మీద ఏ నంబరు ఉంది, అంచుల్లో ఎవరి చేతిరాత ఉంది.

అది ఒక వంతెన మరమ్మతుకు సంబంధించిన పెట్టె. అందులో ఒక ఉత్తరం నిండా ఉన్నది ఒక్కటే మాట: ‘మీరు చెప్పినట్టే చేశాం.’ దాన్ని తీసి తేదీలవారీగా వేరే ఉత్తరాల్లో కలిపేస్తే ఎవరికీ ఏమీ బోధపడదు. కానీ దాని కిందే తనిఖీ నివేదిక ఉంది. నివేదిక అంచున పెన్సిలుతో రాసిన అభ్యంతరం ఉంది. మూడూ ఒకే కట్టలో ఉన్నాయి కాబట్టే ఎవరు హెచ్చరించారో, ఎవరు విన్నారో తెలిసింది. ఈ వృత్తి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

సర్దవద్దన్న ఈ నియమం వెనుక చేదు అనుభవమే ఉంది. ఫ్రాన్స్ జాతీయ పురాలేఖాగారంలో ఒకప్పుడు పత్రాలను విషయాలవారీగా విడదీసి కలిపేశారు. ఏ కాగితం ఏ కార్యాలయానిదో తేల్చడం కష్టమైంది. 1841లో అక్కడి ప్రభుత్వం ఒక సంస్థ లేదా కుటుంబం పత్రాలను విడదీయకుండా ఒకచోటే ఉంచాలని ఉత్తర్వు ఇచ్చింది. 1881లో నాటి జర్మన్ రాజ్యం ప్రష్యా మరో అడుగు వేసింది: కార్యాలయం పెట్టుకున్న వరుసనే కొనసాగించాలంది.

తుప్పు పట్టే గుండుసూదులు తీసేయడం, ఆమ్లం లేని అట్టలు వాడడం, పెన్సిలుతోనే రాయడం చేతికి త్వరగానే అలవడతాయి. కష్టమైనది తీసివేత, అంటే ఏ కాగితాన్ని ఎప్పుడు నాశనం చేయాలో తేల్చడం. ఎన్నేళ్లు ఉంచాలన్న లెక్క చాలాసార్లు కాగితం పుట్టిన రోజు నుంచి కాదు, వ్యవహారం ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది. ఒప్పందమైతే గడువు తీరాక, ఉద్యోగి ఫైలైతే ఉద్యోగం వదిలాక. గడువు దాటినా కోర్టులో వివాదం నడుస్తుంటే ముట్టుకోకూడదు. ఏది, ఎప్పుడు, ఎవరి అనుమతితో నాశనం చేశామో రాసిన పట్టీ కూడా రికార్డే. అన్నీ దాచేద్దాం అనేవారితో నేను ఏకీభవించను. పనికిరాని వాటి మధ్య కావలసినది దొరక్కపోతే, దాచి ప్రయోజనమేమిటి?

కంప్యూటర్ ఫైళ్లకూ ఇదే న్యాయం. ఫైలులో ఒక్క అక్షరం మారినా పట్టిచ్చే చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్య ఉంది, ఎక్కువకాలం నిలిచేలా 2005లో ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏ అనే ఫైలు రూపం ఉంది. కానీ మెయిళ్ల నుంచి అటాచ్‌మెంట్లను మాత్రం దించుకుని, మెయిళ్లను చెరిపేసే కార్యాలయాలను ఇప్పటికీ చూస్తున్నాను. అప్పుడు ఒప్పందం మిగులుతుంది, దానికి ఎవరు ఒప్పుకున్నారన్నది పోతుంది. మెయిలును దాని జవాబులతో, తేదీలతో, అటాచ్‌మెంట్లతో కలిపే అప్పగించమని నేను ప్రతి విభాగాన్నీ అడుగుతున్నాను.